సీటు మీద కాళ్లు

ఇంత దగ్గరికొచ్చాక కూడా వేగం తగ్గించదేమిటీ పిల్ల, గట్టు మీద నిలబడ్డ మనిషి చొక్కా గుండీలు కూడా కనబడుతున్నాయి, ఇప్పుడు తొక్కాలి, ఇదిగో ఇప్పుడు, ఒక్కసారిగా కాదు, మెల్లిగా, కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు అనుకుంటూ డ్రైవరమ్మ తన కుడికాలిని డెక్కు చెక్క మీద అదిమిపెట్టింది.

ఓడ ఆమె మాట వినలేదు. తన పద్ధతిలో తాను వస్తూనే ఉంది. తెల్లటి చిన్న ఓడ అది. పెద్ద ఓడలు దూరలేని రేవుల్లోకి దూరడమే దాని గొప్ప. దక్షిణ తీరం వెంబడి, కొండ అంచున మెట్లుమెట్లుగా పేర్చిన ఇళ్ల మధ్యకి, చేపల పడవలు కట్టుకునే సందుల్లోకి కూడా వెళ్లి నిలబడుతుంది. ఆ సుఖం కోసమే ఎక్కడెక్కడి డబ్బున్నవాళ్లూ దీన్ని ఎక్కుతారు. ఆఫీసర్ల ఇంటి మనిషి ఒకరికి మాత్రం కంపెనీవాళ్లు ఎప్పుడో ఒకసారి ఖాళీగా ఉన్న గది ఇస్తారు. ఆ గదిలోనే డ్రైవరమ్మ దిగింది.

ఆమె కూర్చున్న కుర్చీ డెక్కు చివర, కటకటాల పక్కన ఉంది. బండి ఎలా వెళ్తోందో తెలియాలంటే కూర్చోవాలి, నిలబడితే తెలియదు అని ఆమె నమ్మకం. తలెత్తితే ఓడ నడిపే గది కనబడుతుంది. దానికి పక్కకు పొడుచుకొచ్చిన అద్దాల గూడును వీళ్లు రెక్క అంటారు. గట్టుకు ఆనించేటప్పుడు నడిపేవాళ్లు ఆ రెక్క చివరకు వచ్చి నిలబడి, ఓడ పక్కను నిలువునా చూసుకుంటూ లివర్లు కదుపుతారు. ఇప్పుడు అక్కడున్నది ఆమె కూతురు. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు పట్టీలు, నున్నగా దువ్వి వెనక్కి బిగించిన ముడి. ఆ ముడి డ్రైవరమ్మదే. యూనిఫాం టోపీ కింద జారకుండా ముడి ఎలా బిగించాలో తనే నేర్పింది. కూతురి వెనక, ఒక అడుగు ఎడంగా, గడ్డం కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఓడకూ గట్టుకూ మధ్య నీళ్లు సన్నబడ్డాయి. కూతురు కిందికి చూసింది. మళ్లీ ముందుకు చూసింది. మళ్లీ కిందికి. అద్దాల వెనక ఇద్దరి పెదాలూ కదిలాయి. కెప్టెన్ ముందుకు అడుగేశాడు, కూతురు పక్కకు తప్పుకుంది, ఆయన చేతులు లివర్ల మీదికి వచ్చాయి.

ఓడ గట్టుకు చేరింది. మోకులు విసిరారు. డ్రైవరమ్మకు అవేమీ కనబడలేదు. లాక్కున్నాడు అనుకుంది. చివరిదాకా తెచ్చినది పిల్ల, పేరు ఆయనకి.

"మీ అమ్మాయే కదూ?" అంది పక్క కుర్చీలో పడుకున్న ముత్యాలావిడ. మెడలో మూడు పేటల ముత్యాలు వేసుకుని ఎండ కాచుకునే మనిషి. "పొద్దున చెప్పారుగా, ఓడని రేవుకి కట్టించేది మా పిల్లేనని. మరి ఆయనకిచ్చేసిందేం?"

"ఇవ్వలేదండీ. ఆయన తీసుకున్నారు."

"అవున్లెండి, పెద్దాయన. పెద్దవాళ్లున్నాక పిల్లల చేతికి పూర్తిగా వదిలేస్తారా ఏమిటి?" అంటూ ముత్యాలావిడ తెల్లటి మెత్త మీద కాళ్లు ఇంకాస్త చాపుకుంది.

డ్రైవరమ్మ ఆ కాళ్ల వైపు చూసింది. చెప్పులతోనే, సీటు మీద! ఉద్యోగం చేసినన్నాళ్లూ అద్దంలో చూసి వెనక్కి కేకేసిన ఒకే ఒక్క మాట నాలిక చివరిదాకా వచ్చింది. 'కాళ్లు దించండి!' అది విని కాలేజీ కుర్రాళ్లే కాదు, ఒకసారి పోలీసాయన కూడా దించాడు. ఇది తన బస్సు కాదని గుర్తొచ్చి మాట మింగేసింది.

*

మధ్యాహ్నం కూతురు మామూలు బట్టల్లో వచ్చి, "పద, ఊరు చూపిస్తాను" అంది. రేవు బయట టాక్సీ ఎక్కారు. కొండ పైకి మెలికలు తిరిగిన దారి. ఒక పక్క గోడలు, ఇంకో పక్క చాలా కింద సముద్రం. టాక్సీవాడు ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ, రెండో చెయ్యి కిటికీలో పెట్టి, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

నాలుగో మలుపులో కూతురు తల్లి మోకాలి మీద చెయ్యేసింది.

"అమ్మా, కాలు."

"ఏం కాలు?"

"బ్రేకు వేస్తున్నావు."

"నేనెందుకు వేస్తాను? బండి ఆయనది."

"చూడు, మళ్లీ వేశావు!"

టాక్సీవాడు అద్దంలో నవ్వాడు. "అమ్మగారికి భయమా?"

"భయం కాదు నాయనా, అలవాటు. నువ్వు నడుపు, నేను ఆపుతాను."

వాడు పగలబడి నవ్వి, పాట మానేసి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. కూతురు మాత్రం నవ్వలేదని డ్రైవరమ్మ గమనించింది. గమనించి, ఎండకు తలనొప్పేమో అనుకుంది.

కొండ మీద రాతి బల్ల ఉంది. కింద రేవులో వాళ్ల ఓడ సబ్బుబిళ్లంత తెల్లగా కనబడుతోంది. పై నుంచి చూస్తే దానికీ గట్టుకీ మధ్య వెంట్రుక కూడా పట్టదు. దాన్ని అంత దగ్గరికి తెచ్చిన చెయ్యి తన పక్కన కూర్చుని నారింజపండు ఒలుస్తోంది. డ్రైవరమ్మకు ఛాతీ విచ్చుకున్నట్టయింది. వెంటనే ఆ చివరి అడుగు గుర్తొచ్చి మళ్లీ ముడుచుకుంది.

"ఎందుకు లాక్కున్నాడే ఆయన?"

"లాక్కోవడం అనకమ్మా."

"మరేమంటారు?"

"చేతులు మారడం అంటారు. ఊరికే మారవు. 'ఓడ మీ చేతిలో' అని ఒకరు పైకి అనాలి. 'ఓడ నా చేతిలో' అని రెండోవాళ్లు అనాలి. ఆ రెండు మాటలూ పూర్తయ్యేదాకా ఎవరూ లివరు వదలకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు."

"అంత తతంగమెందుకు?"

"లేకపోతే ఒక్కోసారి ఇద్దరూ నడిపేస్తారు. ఒక్కోసారి ఎవరూ నడపరు."

డ్రైవరమ్మకు డ్రైవింగు నేర్పిన మాస్టరు గుర్తొచ్చాడు. శిక్షణ బస్సులో ఆయన సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. ఆయన కాలు దాని మీద నుంచి లేచేది కాదు. తను తొక్కేలోపే బస్సు కుంటుకుంటూ ఆగేది. ఆపింది తనో ఆయనో తనకే తెలిసేది కాదు. బస్సు దిగాక, 'చూశావా, నేనుండబట్టి సరిపోయింది' అనేవాడు. ఆ గడ్డం వెనక ఆమెకు ఆ మాస్టరు మొహమే కనబడింది.

"చివరి రేవు సంగతేమిటన్నావు?" అంది.

కూతురు నారింజ తొన తల్లి చేతిలో పెట్టింది. "అది చాలా ఇరుకు. నోరు సన్నం, గాలి అడ్డంగా కొడుతుంది. అక్కడ మొదటి నుంచి చివరిదాకా నేనొక్కదాన్నే కట్టిస్తే, ఆయన నా పేరు పైకి పంపుతానన్నారు. కొత్త ఓడ వస్తోంది. దానికి చీఫ్ ఆఫీసరుగా. ఆ మెట్టు ఎక్కితే ఆ పైది కెప్టెనే."

"మధ్యలో ఇలా తీసేసుకుంటే చివరిదాకా ఎలా కట్టిస్తావే?"

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. నువ్వు మెత్తబడకు చంటీ. నా పక్కసీటాయనకి కూడా నేను మెత్తగానే ఉన్నాను, ఏమైంది? ఒకరోజు 'మీ కాలు తీస్తే గానీ నేను స్టార్టు చెయ్యను' అని దిగి రోడ్డు మీద కూర్చుంటే గానీ తియ్యలేదు."

కూతురు కింద ఓడవైపే చూస్తూ, "తెలుసమ్మా. ఆ సంగతి నాకు తెలుసు" అంది. ఇంకేదో అనబోయి, నారింజ తొక్కలు ఏరి కాగితంలో చుట్టింది.

*

మర్నాటి రేవు పెద్ద పట్నానిది. క్రేన్లు, గిడ్డంగులు, వాటి వెనక రంగురంగుల మేడలు. గట్టు వెడల్పుగా ఉంది, గాలి లేదు. చిన్నపిల్ల కూడా బొమ్మ పడవలా ఓడను ఆనించెయ్యవచ్చు అనిపించే రేవు. డ్రైవరమ్మ తన కుర్చీ అంచున కూర్చుని, రెండు పాదాలూ చెక్క మీద ఆనించి, ఊపిరి బిగబట్టి చూసింది. కూతురు ఓడను తెచ్చిన తీరు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నిలబడ్డవాళ్ల చేతిలో టీ తొణక్కుండా బస్సు ఆపడమంటే ఏమిటో తెలిసినవాళ్లకే ఆ తీరు తెలుస్తుంది.

అయినా చివర్లో మళ్లీ అదే. కూతురు కిందికి చూసింది, పెదాలు కదిలాయి, కెప్టెన్ ముందుకు వచ్చాడు.

"మళ్లీ ఆయనే!" అంది ముత్యాలావిడ, సినిమాలో విలన్ వచ్చినట్టు.

ఆ సాయంత్రం గది సర్దడానికి వచ్చిన పిల్ల, మంచం పక్కన చిన్న తెల్లగుడ్డ పరిచి, డ్రైవరమ్మ చెప్పుల్ని తుడిచి దాని మీద జంటగా పెట్టింది. దిగగానే కాళ్లు దూర్చుకునేలా. రోజూ అలాగే పెడుతుంది. వద్దంటే, "మా పని అండీ" అంటుంది.

"మీ కెప్టెన్ ఎలాంటివాడమ్మా?" అని అడిగింది డ్రైవరమ్మ.

"మంచివారేనండీ. మీ అమ్మాయిగారంటే గౌరవం."

"గౌరవముంటే రేవు దాకా రానిచ్చి చివర్లో పక్కకి జరుగు అంటాడా?"

ఆ పిల్ల దిండు గలీబు సవరిస్తూ ఆగింది. "అలా ఎప్పుడూ అనలేదండీ! పోయిన ట్రిప్పులో దాదాపు అన్ని రేవుల్లోనూ మేడమే కట్టించారు. మాకు కింద తెలిసిపోతుంది. కెప్టెన్‌గారు కట్టిస్తే వంటగదిలో గ్లాసులు ఒక్కసారి గలగలమంటాయి. మేడమ్ కట్టిస్తే అదీ ఉండదు. ఓడ ఆగిందని ఎవరో వచ్చి చెప్పాలి."

ఆ మాటకు డ్రైవరమ్మకు మొదట గర్వమొచ్చింది. గ్లాసులు కూడా చప్పుడు చెయ్యవట! ఆ తర్వాత ఒళ్లు మండింది. అయితే మరి, నేను ఎక్కినప్పటి నుంచే ఈ లాక్కోవడమంతా. కన్నతల్లి చూస్తోందని, కన్నతల్లి ఎదురుగానే, కావాలని. ముత్యాలావిడ లాంటివాళ్లు చూసి 'అవున్లెండి, పెద్దాయన' అనుకోవాలని.

రేపు ఆయన్నే అడగాలనుకుని ఆమె పెట్టె తెరిచి, మడత నలగని బట్టలు తీసి కుర్చీ మీద వేసింది.

*

మరుసటి రోజు ఓడ ఆ పట్నంలోనే ఉంది. పొద్దున ఫలహారాలయ్యాక కెప్టెన్ ప్రయాణికులను పైకి పిలిచి ఓడ నడిపే గది చూపించాడు. జనం దిక్సూచి దగ్గర ఫొటోలు దిగారు, ఒకాయన హారన్ కొట్టొచ్చా అని అడిగాడు. అందరూ వెళ్లేదాకా డ్రైవరమ్మ ఒక మూల నిలబడింది. తర్వాత ముందుకొచ్చింది.

"కెప్టెన్‌గారూ, నేను డ్రైవర్ని. సిటీ బస్సు."

"తెలుసమ్మా" అన్నాడాయన. దగ్గరగా చూస్తే గడ్డం సగం తెల్లబడి ఉంది. "ఈ గదిలో అందరికీ తెలుసు. చేరిన మొదటి రోజే చెప్పింది మీ అమ్మాయి. 'మా అమ్మ బస్సు డ్రైవరు' అని. ఎవరూ అడక్కుండానే. మావాళ్లు ఏడిపిస్తుంటారు, బస్సు గొప్పా ఓడ గొప్పా అని. 'ఓడకి దారి వెడల్పు, బస్సుకి సందు చిన్నది, మా అమ్మే గొప్ప' అంటుంది."

వెంట తెచ్చుకున్న మాటలన్నీ ఒక్కసారి చెదిరిపోయాయి. డ్రైవరమ్మ వాటిని మళ్లీ ఏరుకోవలసి వచ్చింది.

"మరి నా ఎదురుగా దాని చేతిలోంచి ఓడ ఎందుకు లాక్కుంటున్నారు?"

ఆయన బల్ల మీది దూరదర్శినిని తీసి దాని గూట్లో పెట్టాడు.

"మొదటి మాట నాది కాదమ్మా."

"అంటే?"

"'ఓడ మీ చేతిలో' అన్నది తనే. రెండు రేవుల్లోనూ తనే అంది. ఆ మాట అన్నాక నేను తీసుకోకపోతే తప్పు. ఎందుకలా అన్నావని అడిగాను. 'చివర్లో దూరం అందలేదు సార్' అంది. దూరం అందకపోవడమేమిటి, ఈ తీరంలో ఆ పిల్లకి అందినట్టు నాకే అందదు!" ఆయన గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. "రేపు చివరి రేవు. ఇలా అయితే అక్కడ నేనే కట్టించాలి. నాకు మనసొప్పదు. కానీ ఇది ఓడ, ఇంతమంది ఉన్నారు."

డ్రైవరమ్మ మొహం చూసి ఆయనే, "రండి, తను నిలబడే చోటు చూద్దురుగాని" అని రెక్క చివరికి తీసుకెళ్లాడు.

అక్కడ నేల గాజుది. అడుగు పెట్టడానికి జంకుతుంటే, "ఫరవాలేదు, గట్టిదే. ఓడ పక్క ఎక్కడుందో గట్టు ఎక్కడుందో ఇందులోంచే చూసుకోవాలి. చివరి నిమిషంలో కళ్లన్నీ ఇక్కడే" అన్నాడు.

ఆమె వంగి చూసింది. నల్లటి నీళ్లు, గట్టు రాయి, ఓడ తెల్లటి పక్క. ఆ పక్కకు కాస్త బయటికి వచ్చిన డెక్కు అంచు, కటకటాలు, రెండు కుర్చీలు. ఒకటి ఖాళీ. రెండోదాని అంచున ఇవాళ ముత్యాలావిడ కాళ్లు దించి కూర్చుని, ఒక చెప్పును బొటనవేలికి తగిలించి ఆడిస్తోంది. గోళ్ల రంగు కూడా తెలుస్తోంది. ఖాళీ కుర్చీ ముందు చెక్క, తన పాదాలు ఆనే చోటు, గాజుకు సరిగ్గా నడుమ ఉంది.

ఎన్నో ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరమ్మ తన కుడికాలిని ఏనాడూ చూసుకోలేదు. డ్రైవరు కాలు డ్రైవరుకు కనబడదు. అది ఎప్పుడు తొక్కుతుందో ఎప్పుడు లేస్తుందో ఆమె చెప్పనక్కర్లేదు, అది అడగనక్కర్లేదు. ఇప్పుడు మొదటిసారి, అంత ఎత్తు నుంచి, లేని కాలు ఆమెకు కనబడింది. చెక్కను తొక్కుతోంది. మళ్లీ తొక్కుతోంది. 'అమ్మా, కాలు' అంది కూతురు, టాక్సీలో, నవ్వకుండా.

"కళ్లు తిరుగుతున్నాయా అమ్మా?" అన్నాడు కెప్టెన్.

"లేదండీ" అంది. "మీరు దానికి రేపు మొదలుపెట్టే అవకాశమైనా ఇవ్వండి. తర్వాత దాని ఇష్టం."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "మొదలుపెట్టనిస్తాను. మళ్లీ ఆ మాట అంటే మాత్రం, ఈ ఏడాదికి అంతే."

*

మధ్యాహ్నం కూతురు గదికి వచ్చేసరికి డ్రైవరమ్మ మంచం మీద కూర్చుని, తన కుడిపాదాన్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. మడమ పగుళ్లు, బొటనవేలి కింద కాయకట్టిన చర్మం.

"నొప్పా?" అంది కూతురు కంగారుగా.

"నొప్పి నాకు కాదు, నీకు. ఇదేనా నీకు దూరం అందకుండా చేస్తున్నది?"

కూతురు తలుపు మూసి అక్కడే నిలబడిపోయింది. టోపీ తీసి చేతిలో తిప్పుతూ ఉంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. గాజులోంచి చూశాను. నాకెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నా ఓడ చూడ్డానికి వచ్చి, చూడకమ్మా అని చెప్పనా? ఎంతమందికి చెప్పుకున్నావో అప్పటికే. ఆ ముత్యాలామె నన్ను చూసి రోజూ చప్పట్లు కొడుతోంది."

"అదొక పిచ్చిది."

"చిన్నప్పుడు నీ బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టేదానివి, గుర్తుందా? నేను రోడ్డు చూసేదాన్ని కాదు. నీ కాలే చూసేదాన్ని. నువ్వు తొక్కేదానివి. తొక్కిన తర్వాత ఎవరో పరిగెత్తుకుంటూ రోడ్డుకి అడ్డం వచ్చేవారు. ముందు నీ కాలికి తెలిసేది. తర్వాత లోకానికి." కూతురు వచ్చి పక్కన కూర్చుంది. "ఇప్పుడు నువ్వు తొక్కావంటే నాకు కనబడనిదేదో నీకు కనబడిందనిపిస్తుంది. అంతే, చెయ్యి ఆగిపోతుంది."

"ఓసి పిచ్చిమొహమా! నా కాలికి సముద్రం ఏం తెలుసే?"

"ఆ సంగతి నాకు తెలుసు. నా చేతికి తెలియదు."

డ్రైవరమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. మెచ్చుకున్నారో తప్పు పట్టారో తెలియని మాట అది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఇంత పొగడలేదు. ఆ పొగడ్తే పిల్ల చేతికి సంకెల. తన పక్కసీటు మాస్టరు కాలు కనీసం కంటికి కనబడేది, తియ్యమని అడగడానికి వీలుండేది.

"ఇంతకీ ఓడకి బ్రేకుంటుందా?" అంది చివరికి.

"ఉండదు."

"మరెలా ఆగుతుంది?"

"వెనక్కి నడుపుతాం. ముందుకెళ్లే దాన్ని వెనక్కి నడిపితే మధ్యలో ఎక్కడో ఆగుతుంది."

"బ్రేకు లేని బండినా నీ చేతికిచ్చారు!" డ్రైవరమ్మ కూతురి చేతిని తిరగేసి చూసింది. అరచేతిలో లివరు రాసుకున్న చోట చర్మం గట్టిపడి ఉంది. అది చూసి ఇప్పుడు నిజంగా నవ్వింది. "అదీ నా కూతురంటే. సరే, రేపు నేను గదిలోనే కూర్చుంటాను. తలుపు గడియ పెట్టుకుంటాను."

"వద్దు."

"ఏం?"

"ఖాళీ కుర్చీ కనబడితే ఇంకా భయం. నువ్వు అక్కడే ఉండాలి. నేను కట్టించడం నువ్వు చూడాలి."

"మరి ఈ కాలు?"

కూతురు లేచి టోపీ పెట్టుకుంది. "దాని సంగతి నువ్వే చూసుకో. నా మాట అది వినదు" అని వెళ్లిపోయింది.

*

చివరి రేవు దూరం నుంచి చూస్తే రేవులా లేదు. రెండు కొండల మధ్య ఒక పగులు. దగ్గరికొచ్చేకొద్దీ లోపల గట్టు, గట్టు మీద ఎండలో ఆరేసిన వలలు, వాటి వెనక నీలంరంగు తలుపుల వరస కనబడ్డాయి. గాలి ఒక కొండ మీద నుంచి దిగి నీళ్లను అడ్డంగా దువ్వుతోంది.

డ్రైవరమ్మ ముందే వచ్చి కూర్చుంది. కుడికాలిని ఎడమకాలి వెనక దాచింది. అది చాలదని మడమ మీద మడమ వేసి బిగించింది. కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది.

"ఏమిటండీ, పళ్లు పీకించుకోబోతున్నట్టు కూర్చున్నారు?" అంది ముత్యాలావిడ.

"కాసేపు మాట్లాడకండి."

ఓడ పగులులోకి దూరింది. రెండు పక్కలా రాయి, రాతి మీద పిట్టల రెట్టలు, చెయ్యి చాపితే అందేటట్టు. రెక్క చివర కూతురు కదలకుండా నిలబడి ఉంది, చేతులు మాత్రమే కదులుతున్నాయి. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి. ఎంత కొంచెమంటే, చూస్తున్నవాళ్లకు కదిపిందో లేదో అనుమానం. నోరు దాటింది. లోపల నీళ్ల మీద ఓడ తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది, సన్నటి సందులో బస్సును వెనక్కి తిప్పినట్టే. అబ్బ, ఎంత బాగా కోస్తోంది మలుపు! డ్రైవరమ్మకు లేచి అరవాలనిపించింది. ఆ చెయ్యి నా చెయ్యి కాదు, నా కంటే మంచి చెయ్యి, చూడండి, చూడండి అందరూ.

అప్పుడు గాలి ఒక్క తోపు తోసింది. ముందుభాగం గట్టువైపు జారింది. గట్టు మీద మోకు అందుకోవడానికి నిలబడ్డవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. మధ్య నీళ్లు గబగబా తగ్గిపోతున్నాయి. ఇప్పుడు, ఇప్పుడు తొక్కాలి! ఎడమకాలి బిగింపును విదిలించుకుని కుడికాలు తనంతట తాను ముందుకొచ్చి చెక్క మీద పడింది. పాదం వంగింది.

పైన కూతురు తల కిందికి వంగింది. గాజులోంచి.

ఆమె పెదాలు విచ్చుకోవడం డ్రైవరమ్మకు కనబడింది. వెనక కట్టుకున్న కెప్టెన్ చేతులు విడివడడం కనబడింది. ఇంకొక్క క్షణంలో ఆ మాట బయటికి వస్తుంది. వచ్చాక ఎవరూ దాన్ని వెనక్కి నడపలేరు.

కాలిని ఆపడం ఆమె వల్ల కాదు. అది ఆమె మాట ఎన్నడూ వినలేదు. దానికి నేల ఉంటే చాలు, తొక్కుతుంది.

'కాళ్లు దించండి!' అని ఎవరో గట్టిగా కేకేశారు. అది తన గొంతే, ఎప్పటిదో, అద్దంలోంచి వెనక్కి. డ్రైవరమ్మ ఆ కేకను లక్ష్యపెట్టలేదు. పాదాల్ని చెప్పుల్లోంచి లాగి, రెండు కాళ్లూ పైకి తీసి, ఆ తెల్లటి మెత్త మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

కింద చెక్క మీద, గాజుకు సరిగ్గా నడుమ, ఖాళీ చెప్పులు జంటగా మిగిలాయి.

కూతురి పెదాలు మూసుకున్నాయి. ఆమె లివర్లు వదలకుండానే తలెత్తి గట్టువైపు చూసింది. డ్రైవరమ్మ తన రెండు అరికాళ్లనూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.